ఎర్ర కారు కడుపులో సున్నం

పోయిన వారం మనం సుస్మితను నల్లమల ఘాట్ రోడ్డు మీద, ఆవిరి కక్కుతున్న ఎర్ర కారు పక్కన నిలబెట్టి చల్లగా ఇంటికొచ్చేశాం. ఆమెకు ఆ వీలు లేదు. కారులో కాబోయే పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు ఉన్నారు. పెళ్ళికూతురి పొడుగు గౌను అంచు తలుపులో ఇరుక్కుంది. వెనక ఇంకో కారులో వచ్చిన పెళ్ళికొడుకు మేనత్త రోడ్డు మధ్యలో నిలబడి, "శుభమా అని ఫోటోలకొస్తే మా పిల్లోణ్ణి పొయ్యి మీద కూర్చోబెట్టినావు గదే!" అని అడవంతా వినబడేలా అరిచింది. అక్కడే, అందరి ముందే, పెళ్ళి ఫోటోల బేరం కూడా రద్దయింది.

ఈ వారమే ఈ కథలోకి అడుగుపెట్టినవాళ్ళ కోసం రెండు ముక్కలు. సుస్మితకు గిద్దలూరు బస్టాండు ఎదురుగా మేడ మీద ఫోటో స్టూడియో ఉంది. పెళ్ళికి ముందు జంటలను అడవిలోకి, కంభం చెరువు గట్టు మీదికి తీసుకెళ్ళి ఫోటోలు, వీడియోలు తీస్తుంది. పోటీ స్టూడియోల వాళ్ళలో ఒకరు గుర్రాన్ని తెచ్చారు, ఇంకొకరు పైకప్పు లేని జీపును తెచ్చారు. ఈమె రెండు తలుపుల స్పోర్ట్స్ కారు తేవాలనుకుంది. కొత్తది కొనే స్తోమత మన వైపు ఎంతమందికి ఉందో మీకూ తెలుసు. మార్కాపురంలో పాత కార్లమ్మే గురుస్వామి దగ్గర ఎర్రటిది దొరికింది. "బెంగళూరు కారు. ఒకే ఓనరు, డాక్టరు. పోయిన నెల్లోనే తెచ్చినా" అన్నాడు గురుస్వామి. తండ్రి శ్రీరాములు కారు మాట ఎత్తగానే అన్నం ముందు నుంచి లేచిపోయాడు. కొన్నాక కూతురితో మాట్లాడటమే మానేశాడు. ఇంట్లో ఆమె పక్షాన నిలబడింది ఒక్క అన్న చెన్నకేశవులే. కేశవ ఆమెతో పాటు మార్కాపురం వచ్చాడు, బానెట్ ఎత్తి చూశాడు, "బండి బంగారం పాపా, కళ్ళు మూసుకొని తీసుకో" అన్నాడు. ఆమె కళ్ళు మూసుకునే తీసుకుంది.

పాత స్పోర్ట్స్ కారు కొనడం ఒక ఎత్తు, దాన్ని గిద్దలూరులో బతికించడం ఇంకో ఎత్తు. ఆ కారు నేలకు జానెడెత్తు కూడా ఉండదు. గిద్దలూరు నుంచి కంభం దాకా ఉన్న స్పీడ్ బ్రేకర్లు సుస్మితకు చుట్టాల్లాగా తెలుసు. ఏది మంచిదో, ఏది కడుపు గీకుతుందో చూసుకుని, కారును ఏటవాలుగా తిప్పి ఒక్కో చక్రాన్నే ఎక్కించి దించేది. టైరు పోతే హైదరాబాద్ నుంచి రావాలి. పంక్చర్ షాపతను ఆ టైరును నిమిరి చూసి, "ఇంత బక్కగా ఉండాదేంది, దీనికి అన్నం పెట్టట్లేదా?" అని అడిగాడు. బోరు నీళ్ళతో కడిగితే ఎర్ర రంగు మీద తెల్ల మచ్చలు పడతాయని తాగడానికి కొన్న క్యాను నీళ్ళతోనే కడిగేది. అది తెలిసి తల్లి నోటికొచ్చినట్టు తిట్టింది. తిట్టదా మరి! ఇంట్లో మనుషులు స్నానానికి వాడేది బోరు నీళ్ళు, కారు స్నానానికి మినరల్ వాటరు.

అంత అపురూపంగా చూసుకున్న కారు ఉడికిపోయింది. గిద్దలూరు మెకానిక్ రేడియేటర్ పైపు ఊడదీస్తే లోపల నుంచి తెల్లటి పెంకులు రాలాయి. "లోపలంతా పూడిపోయిందమ్మా. ఇంజనుకు కూడా దెబ్బ తగిలుంటాది" అన్నాడతను. సుస్మిత ఒక పెంకును అరచేతిలోకి తీసుకుంది. ఈ పడమటి ప్రకాశం జిల్లాలో పుట్టిన ఆడపిల్లకు అదేమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. బోరు నీళ్ళు కాచిన ప్రతి గిన్నె అడుగునా ఉంటుంది. హీటర్ రాడ్‌కు పట్టుకుని ఉంటుంది. మన పెద్దల పళ్ళ మీద గార కట్టి ఉంటుంది. బెంగళూరు డాక్టరు కారు కడుపులో మన ఊరి సున్నం ఎట్లా చేరింది? కొన్ననాటి నుంచి సుస్మిత పోసింది ఇంజనును చల్లబరిచే గులాబీ రంగు కూలెంటు తప్ప ఇంకోటి కాదు.

అంటే ఈ కారు ఎన్నాళ్ళో ఇక్కడే ఎక్కడో తిరిగింది, గురుస్వామి అబద్ధం చెప్పాడు. ఈ వేసవి ముహూర్తాలకు స్టూడియోకు కుదిరిన జంటలన్నీ ఆ ఎర్ర కారు బొమ్మ చూసి వచ్చినవే. కారు లేదంటే అవన్నీ నేరుగా గుర్రం దగ్గరికి పోతాయి, స్టూడియోకు తాళం పడుతుంది. ఆ మర్నాడే ఆమె కారును ఒక లారీ ఎక్కించి మార్కాపురం బయల్దేరింది.

లారీ క్యాబిన్‌లో పక్కనే కేశవ కూర్చున్నాడు. దారి పొడుగునా ఒకటే పాట.

"పోనీలే పాపా. రేడియేటర్ కొత్తది వేయిద్దాం. గుర్సామితో మనకు గొడవెందుకు? తెలిసిన మనిషి."

"తెలిసిన మనిషే మోసం చేస్తే గొడవ ఇంక ఎవురితో పెట్టుకోవాలన్నా?"

"నేను మాట్లాడతా. నువ్వు లారీ దిగొద్దు."

అన్న ఎంత మంచివాడో, చెల్లెలి పరువు ఎక్కడ పోతుందోనని ఎంత బెంగపడుతున్నాడో అనుకుంది సుస్మిత. దిగొద్దన్నాడు కాబట్టి లారీ ఆగగానే ముందు తనే దిగింది.

గురుస్వామి యార్డు కంభం రోడ్డు మీద, ఒక పలకల ఫ్యాక్టరీ పక్కన ఉంటుంది. ఫ్యాక్టరీలో రాయి కోసే మిషన్ పొద్దస్తమానం అరుస్తూనే ఉంటుంది, ఆ బూడిద రంగు దుమ్ము యార్డులో కార్లన్నిటి మీదా ఒకే తీరుగా పడుతుంది. గేటు పక్కన పసుపు పూసిన అమ్మవారి రాయి ఉంది. అమ్మిన ప్రతి బండినీ గురుస్వామి ఆ రాయి ముందు ఆపి, నిమ్మకాయలు తొక్కించి పంపుతాడు. సుస్మిత కారు కూడా అక్కడే నిమ్మకాయలు తొక్కింది.

గురుస్వామి కొనబోయేవాడితో ఒక గొంతుతో, కొన్నవాడితో ఇంకో గొంతుతో మాట్లాడే మనిషి. ఆ సమయానికి ఒక వ్యాన్ చూడ్డానికి వచ్చినాయనతో మొదటి గొంతులో మాట్లాడుతున్నాడు.

"మామా, కారు తెచ్చినా. దించుకో" అంది సుస్మిత.

గురుస్వామి లారీ వైపు చూశాడు. గొంతు మారిపోయింది.

"అమ్మిన బండి దించుకోడానికి ఇదేమన్నా మీ పుట్టిల్లనుకున్నావా అమ్మాయ్?"

"పుట్టింట్లో ఇట్ల మోసం చెయ్యరు మామా."

"మోసమా? సెకండ్ హ్యాండ్ బండి. తోలి చూసుకున్నావు. మీ అన్న బానెట్ ఎత్తి చూసినాడు. ఏం కేశవా, చూసినావా లేదా?"

కేశవ చెప్పుతో నేల మీద దుమ్మును గీకుతూ, "చూసినా మామా" అన్నాడు.

"ఇంకేంది మరి?"

సుస్మిత బ్యాగులోంచి కాగితం పొట్లం తీసి గురుస్వామి ముక్కు ముందు విప్పింది. అందులో రెండు తెల్ల పెంకులున్నాయి, వేలు మందాన.

"ఏందో చెప్పు."

"సున్నం."

"యాడిది?"

"నువ్వు పోసిన నీళ్ళదే. తెలిసీ తెలియని ఆడోళ్ళ చేతికి ఇట్లాంటి బండి ఇస్తే ఇట్లనే అయితాది."

"మా ఇంట్లో హీటర్ రాడ్‌కు ఇంత మందం పట్టాలంటే ఏడాది పడతాది. నేను కారు కొన్నది మొన్న శివరాత్రికి. ఇంకా ఎండలన్నా ముదరలేదు."

"బెంగళూరులో బోర్లు లేవా ఏంది?"

"ఉండాయి. చేతికందిన నీళ్ళు ఇంత ఖరీదు కారులో పోసుకునే తెలివితక్కువోడు ఆ డాక్టరు గాదు. అట్లాంటోడు ఎవుడో మన కాడే ఉండాడు. వాడెవుడో నీకు తెలుసు."

కేశవ దగ్గాడు. దుమ్ముకు దగ్గాడనుకుంది సుస్మిత.

వ్యాన్ చూడొచ్చినాయన మెల్లగా గేటు వైపు జరగడం మొదలుపెట్టాడు. అది చూసి గురుస్వామికి ఒళ్ళు మండిపోయింది.

"గిరాకీ ముందర నా పరువు తీస్తాండావా? కాగితాలు చూసుకోలేదా? ఆర్‌సీలో ఎవురి పేరుండాది? బెంగళూరు డాక్టరు పేరు లేదా? ఇంగ్లీషు చదవడం వచ్చునా రాదా నీకు?"

"పేరుండాది. కారు కడుపులో మాత్రం మన బోరుండాది."

ఈ అరుపులకు యార్డు వెనక ఇంట్లోంచి గురుస్వామి భార్య కృష్ణవేణమ్మ వచ్చింది. ఎండుమిరపకాయల తొడిమలు తీస్తూ అట్లాగే లేచి వచ్చింది, చేతులు ఎర్రగా ఉన్నాయి. ఆ చేతులు తగలకుండా, మోచేత్తోనే మొగుణ్ణి పక్కకు నెట్టింది.

"ఎవురే నా మొగుణ్ణి మోసగాడంటాంది? ఫోటోలు తీసుకునేదానివి ఫోటోలు తీసుకోక నీకెందుకే ఈ కార్లు?"

"అత్తా, నేను నీతో మాట్లాడ్డం లేదు."

"మాట్లాడతావు. ఈ యార్డు నా పేరు మీదుండాది. ఈడ ఎవురు అరిచినా నాతోనే అరవాల."

"అయితే నీకే చెప్తా. నీ మొగుడు అబద్ధం చెప్పి నాకు కారు అమ్మినాడు. గాదంటే అమ్మవారి కాడ కర్పూరం ఆర్పమను."

ఆ మాటతో యార్డులో అందరూ ఒక్కసారి ఆగిపోయారు. గేటు దాటబోతున్న వ్యానాయన కూడా వెనక్కి వచ్చాడు.

మన వైపు దీన్ని తేలికగా అడగరు. గట్టు తగాదాల్లో, గొడ్డు పోయిన తగాదాల్లో, ఇంక ఏ సాక్ష్యమూ లేనప్పుడు అడుగుతారు. రాయి మీద కర్పూరం వెలిగించి, అడిగినవాళ్ళు మాట చెప్తారు. ఎదుటివాడు ఆ మాటను తన నోటితో అని, మండుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పాలి. ఆర్పాడంటే వాడన్నది నిజం, ఆ తర్వాత పల్లెత్తు మాట అనకూడదు. ఆర్పలేదంటే ఇంక ఎవరూ ఏమీ అడగనక్కర్లేదు. కోర్టులో అబద్ధమాడి ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయేవాళ్ళు కూడా ఆ రాయి దగ్గర తడబడతారు. నమ్మకమో భయమో నాకు తెలియదు గానీ, తడబడటం మాత్రం నా కళ్ళతో చూశాను.

"పాపా!" కేశవ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "కారు కోసం దేవుడి దాకానా? పా, పోదాం."

"నువ్వుండన్నా."

"మంచిది గాదు, నా మాట విను."

"నాకు గాదు, ఆయనకు మంచిది గాదు. చెయ్యి వదులు."

కృష్ణవేణమ్మ అప్పటికే ఇంట్లోకి పోయి, చేతులు కడుక్కుని, కర్పూరం డబ్బా, అగ్గిపెట్టె తెచ్చింది. బిళ్ళను తనే రాయి మీద పెట్టి వెలిగించింది.

"ఆర్పయ్యా. మనమేం తప్పు చేసినామని భయపడాల? ఆర్పి ఈ పిల్లను గేటు బయటికి పంపు."

గురుస్వామి చెప్పులు విడిచాడు. రాయి ముందు నిలబడ్డాడు.

"కారులో బోరు నీళ్ళు నేను పోయలేదు, నా మనుషులూ పోయలేదు. ఆ మాట అను" అంది సుస్మిత.

"కారులో బోరు నీళ్ళు నేను పోయలేదు. నా మనుషులూ పోయలేదు." టప్పున అరచేత్తో కొట్టినట్టు ఆర్పేశాడు. మసి అంటిన అరచేతిని ఆమెకు చూపించాడు. "చాలునా? చాలునా ఇంక?"

సుస్మిత ఒక్క క్షణం తెల్లబోయింది. ఇంత తేలికగా ఆర్పుతాడనుకోలేదు. కానీ ఈ పిల్ల ఒక్క దెబ్బకు వెనక్కి తగ్గే రకం అయితే ఈ సీరియల్ ఇన్ని వారాలు నడిచేదే కాదు. డబ్బాలోంచి ఇంకో బిళ్ళ తీసి తనే వెలిగించింది.

"ఈ కారు బెంగళూరు నుంచి నేనే తెచ్చినా. ఈ మాట కూడా అను."

గురుస్వామి చెయ్యి లేవలేదు.

"ఒక మాటకు ఆర్పినా గదా. మాటకొక బిళ్ళ ఆర్పుకుంటా కూర్చోవాల్నా?"

"ఆర్పు మామా. ఇందాక ఆర్పిన చెయ్యే గదా."

"ఆర్పవేంది?" అంది కృష్ణవేణమ్మ. మొగుడి మొహంలోకి చూసింది. చూస్తూ చూస్తూ ఆమె మొహం మారిపోయింది. "నాక్కూడా బెంగళూరనే గదయ్యా చెప్పినావు? పోయి తెచ్చినానని ఖర్చులు కూడా రాసినావు గదా!"

"కాగితాల మీద బెంగళూరే" అన్నాడు గురుస్వామి గొంతు తగ్గించి. "డాక్టరు సంతకాలు పెట్టిచ్చినాడు, అదీ నిజమే. మధ్యలో ఒక మనిషి ఉండాడు. పేరు మార్పించుకోకుండా తోలుకున్నాడు. నా చేత అమ్మించినాడు. పేరు బయటికి రాగూడదని చేతిలో చెయ్యి వేయించుకున్నాడు."

"ఎవురు?" ఇద్దరు ఆడవాళ్ళూ ఒకేసారి అడిగారు.

"మాటిచ్చినా. నా నోటితో చెప్పను."

"చెప్పకపోతే ఇప్పుడే గేటుకు తాళం ఏస్తా" అంది కృష్ణవేణమ్మ. "నా పేరు మీదుండే యార్డులో దొంగ బేరమా? చెప్పు!"

గురుస్వామి చిరాగ్గా మసి చేతిని పంచెకు తుడుచుకున్నాడు. తనొక్కడే తిట్లు తింటుంటే, పక్కన ఒకడు పెద్దమనిషిలా నిలబడి చూడటం ఆయన ఇక ఓర్చుకోలేకపోయాడు.

"నన్నెందుకు పీక్కు తింటారు? కర్పూరం ఆడనే ఉండాది. మీ అన్నను ఆర్పమను."

సుస్మిత నవ్వింది. నిజంగానే నవ్వొచ్చింది. పట్టుబడినవాడు దొరికిన వాణ్ణల్లా మధ్యలోకి లాగడం ఆమె కొత్తగా చూస్తున్నది కాదు.

"మా అన్ననా? నోరు అదుపులో పెట్టుకో మామా. మా ఇంట్లో ఈ కారు కొనమన్న ఒకే ఒక్క మనిషి మా అన్న. నా కోసం నాయన చేత తిట్లు తిన్నాడు."

"అందుకే ఆర్పమంటాండా."

"అన్నా, రా" అంది సుస్మిత. ఇంకో బిళ్ళ వెలిగించింది. "ఈ కారుతో నాకే సంబంధమూ లేదు అను, ఆర్పు. ఒక్క మాట. ఈ మనిషి నోరు మూయించు."

కేశవ కదల్లేదు.

"అన్నా, కర్పూరం అయిపోతాది."

కేశవ రాయి దగ్గరికి వచ్చాడు. చెప్పులు విడవడం మర్చిపోయి, గుర్తొచ్చి వెనక్కి పోయి విడిచాడు. చెయ్యి చాచాడు. చెయ్యి మంట దాకా పోయి ఆగింది. మార్కాపురం చెన్నకేశవస్వామికి మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు పెట్టుకున్న మనిషి. చిన్నప్పుడు చెల్లెలి బలపం విరిగితే ఏడుస్తుందని తన బలపం ఇచ్చేసిన మనిషి. ఆర్పితే అయిపోయేది. సుస్మిత నమ్మేది. నమ్మడానికి ఆమె సిద్ధంగా ఉంది, కాచుకుని ఉంది, లోపల్లోపల వేడుకుంటూ ఉంది.

పక్కన ఫ్యాక్టరీలో మిషన్ రాయిని కోస్తూనే ఉంది. మంట చిన్నదైంది. నీలంగా మారింది. బిళ్ళ చుట్టూ రాయి మీద నల్లటి మరక మిగిలింది. కర్పూరం తనంతట తానే కాలిపోయింది. ఎవరూ ఆర్పలేదు.

"థూ!" అంది కృష్ణవేణమ్మ. ఎవరిని అన్నదో, మొగుణ్ణా కేశవనా, ఇద్దరికీ తెలియలేదు.

"నాదే పాపా" అన్నాడు కేశవ.

"ఏంది నీది?"

"కారు. డాక్టరు కాడ నేనే కొన్నా. మా అత్తగారి ఊళ్ళో, దొనకొండ కాడ, రేకుల షెడ్డులో పెట్టుకున్నా. నాయనకు తెలిస్తే చంపుతాడని మన ఊరికి తేలేదు. ఆ పక్కనే తిరిగేటోణ్ణి."

"ఎప్పుడు కొన్నావు?"

"మా బాబు కడుపులో ఉన్నప్పుడు."

ఆ బాబు ఇప్పుడు బడికి పోతున్నాడు. సుస్మిత ఆ లెక్క వేసుకోవడానికి కొంచెం సమయం పట్టింది. పండగలకు అత్తగారింటికి పోతే కేశవ నాలుగు రోజులైనా తిరిగి రాడని ఇంట్లో అందరూ ఆటపట్టించేవాళ్ళు. పెళ్ళాం కొంగు వదలడని నవ్వుకునేవాళ్ళు. పాపం ఆ అమ్మాయి కొంగుకు ఏ సంబంధమూ లేదన్నమాట.

"నీళ్ళు?"

"కూలెంటు దిగిపోయినప్పుడల్లా చేలో బోరు నీళ్ళు పోసినా. ట్రాక్టరుకు అవే పోస్తాం గదా, దీనికి మాత్రం ఏమైతాది అనుకున్నా. ట్రాక్టరుకు ఏం కాలేదు గదా పాపా?"

విన్నారా! తాగడానికి క్యాను నీళ్ళు కొనుక్కునే మనిషి. బోరు నీళ్ళు తాగితే మోకాళ్ళు పోతాయని కొడుక్కి సీసా కట్టి బడికి పంపే మనిషి. అంత ఖరీదు కారుకు మాత్రం దోసిళ్ళతో అవే నీళ్ళు తాగించాడు. పైగా ట్రాక్టరుతో పోటీ పెడుతున్నాడు.

"తర్వాత బండి ఉడకడం మొదలుపెట్టింది" అన్నాడు కేశవ. "రేడియేటర్ కడిగిస్తే కొన్నాళ్ళు ఆగింది. అమ్ముదామనుకున్నా. బయటోళ్ళకు అంటగడితే ఇంటి మీదికొచ్చి కొడతారు. అంతలో నువ్వు ఇట్లాంటి కారే కావాలన్నావు. నువ్వైతే..."

"నేనైతే?"

కేశవ ఆమె మొహంలోకి చూడలేదు.

"నువ్వైతే నన్నడగవు పాపా."

సుస్మితకు ఏడుపు రాలేదు. వచ్చుంటే కేశవకు బాగుండేది. చిన్నప్పటి నుంచి ఆమె ఏడిస్తే ఓదార్చడం వాడికి బాగా చేతనైన పని. ఆమెకు వచ్చింది అసహ్యం. అన్న మీద అంత అసహ్యం పుడుతుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు, పుట్టినందుకు ఇప్పుడు సిగ్గుపడలేదు కూడా.

"నాయన అన్నం ముందు నుంచి లేచిపోయిన రోజు, పాపను కొననీ నాయనా, దాని కష్టం దాని ఇష్టం అన్నావే. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి ఆ రోజు. అది నా పక్షాన మాట్లాడినట్టా అన్నా? బేరం చేసుకున్నట్టా?"

"పాపా..."

"పాపా అనబాక. ఆ పిలుపుతోనే గదా అంటగట్టినావు."

"బాగు చేయిస్తా. నా సొంత ఖర్చుతో ఇంజను దించి..."

"ఘాట్ రోడ్డులో కారు ఆగింది గాబట్టి సరిపోయింది. మలుపులో బ్రేకు పోయుంటే? లోపల ఇద్దరు పిల్లలు కూర్చోనుండిరి. వాళ్ళు కూడా నిన్నడిగేటోళ్ళు గాదు."

కృష్ణవేణమ్మ మొగుడి వైపు తిరిగింది.

"తోడబుట్టినదానికి అంటగడతాండాడని తెలిసే అమ్మినావా?"

"కమిషన్ బేరం. కొనేది ఎవురైతే నాకేంది?" అన్నాడు గురుస్వామి.

"ఈ పూట నీకు అన్నం పెట్టేది ఎవురైతే నాకేంది? పో, యాడన్నా తిను" అంది కృష్ణవేణమ్మ. కాసేపటి క్రితం గేటు బయటికి పంపమన్న పిల్ల భుజం మీదే చెయ్యి వేసింది. సుస్మిత ఆ చేతిని మెల్లగా తీసేసింది. ఆమెకు ఆ క్షణాన ఎవరి జాలీ అక్కర్లేదు.

ఆమె లారీ డ్రైవర్ వైపు తిరిగింది.

"అన్నా, కారు దించబాక. దొనకొండకు పోవాల. ఈయన అత్తగారింటి ముందర దించుదాం."

కేశవ అడ్డం వచ్చి లారీ తలుపు పట్టుకున్నాడు.

"అక్కడికొద్దు! మా మామకు అది ఫ్రెండు కారని చెప్పినా. అమ్మి పెట్టినానని చెప్పినా. నా సంసారం పోతాది పాపా."

"నా స్టూడియో పోయింది గదన్నా. నీ సంసారం కూడా పోనీ, దానికి తోడుంటాది."

"నాయనకు చెప్పు, పోనీ. ఎట్లయితే అట్లయితాది..." అని, అన్న మాటకు తనకే భయమేసి, "వద్దు. నాయనకు వద్దు. ఆయనకేం తెలీదు. ఈ వయసులో తట్టుకోలేడు. అమ్మవారి మీదొట్టు, ఆయనకేం తెలీదు" అన్నాడు.

ఇందాక కర్పూరం ఆర్పలేని మనిషి ఈ మాటకు రాయి వైపు నేరుగా తిరిగి, చేతులు జోడించి ఒట్టేశాడు. ఈ ఒక్కటీ నిజమేనని సుస్మితకు అర్థమైంది. నాయనకు తెలియదు. ఏమీ తెలియని ఆ మనిషే ఇంట్లో సరైన మాట చెప్పాడు, తను వినలేదు. అంతే, ఫోన్ తీసింది.

ఆ ఫోన్ చూసి ముందు ఉలిక్కిపడింది కేశవ కాదు. గురుస్వామి.

"అమ్మాయ్, ఫోన్లెందుకు ఇప్పుడు?" గబగబా రెండడుగులు ముందుకొచ్చాడు. "కారు దించు. నేను తీసుకుంటా. మాట్లాడుకుందాం. నాయనతో పనేముండాది? పెద్దాయనను ఎందుకు లాగుతావు?"

కారు దించుకోనంటే దించుకోనన్న మనిషి ఇంత తొందరగా ఎందుకు మారాడో సుస్మితకు అర్థం కాలేదు. ఆగలేదు. నాయన నంబరు నొక్కి, అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టింది. కారు కొన్నప్పటి నుంచి ఆయన కూతురితో మాట్లాడటం లేదు. ఎత్తడేమో అనుకుంది. రెండో రింగుకే ఎత్తాడు. అవతల చేలో మోటారు ఆడుతున్న చప్పుడు వినిపించింది.

"నాయనా, మార్కాపురం నుంచి మాట్లాడతాండా" అంది. "కారు ఎవురిదో తెలిసింది."

అవతల మోటారు ఆగింది. ఆయనే ఆపినట్టున్నాడు. తర్వాత శ్రీరాములు గొంతు వచ్చింది. అందులో కోపం లేదు, ఆశ్చర్యం అసలే లేదు.

"వాడే చెప్పినాడా పాపా, గుర్సామి చెప్పినాడా?"